బ్యాంకులు కాదన్నాక తీసుకున్న ఇంటి అప్పు: ఐదేళ్లు కట్టాక నా లెక్క

విజయవాడలో మాది కర్రీ పాయింట్. 2019లో నున్న వైపు ఒక పాత డాబా ఇల్లు కొనడానికి ఓ గృహరుణ సంస్థ (బ్యాంకు కాదు, ఇంటి అప్పులిచ్చే కంపెనీ) దగ్గర 18 లక్షలు తీసుకున్నాం. కాలపరిమితి 20 ఏళ్లు, వడ్డీ పన్నెండున్నర శాతం, నెలకు 20,450 రూపాయల కిస్తీ. అప్పట్లో జీతగాళ్లకు బ్యాంకులు ఎనిమిదిన్నరకు అటూ ఇటూగా ఇస్తున్నాయి. ఆ లెక్కన కిస్తీలోనే నెలకు 4,800 పైగా తేడా. 2024లో ఆ అప్పును ఒక ప్రభుత్వ బ్యాంకుకు మార్చుకున్నాం. ఇలాంటి అప్పు తీసుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఒకటే: తీసుకోండి, కానీ బయటపడే దారి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

బ్యాంకులు ఎందుకు కాదన్నాయో ముందు చెప్పాలి. ఒక బ్యాంకు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగింది. మా అమ్మకాల్లో ఖర్చులు పోను మిగిలేది పన్ను పరిమితి దాటదనుకుని మేం రిటర్నులు వేయలేదు. రోజూ గల్లాపెట్టెలో పడే డబ్బు కళ్లెదుటే ఉన్నా, వాళ్ల దృష్టిలో మాకు ఆదాయం లేనట్టే. ఇంకో బ్యాంకులో సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టామో చూసి ఇచ్చే స్కోరు) చూస్తే మైనస్ ఒకటి అని వచ్చింది. అప్పు ఎగ్గొడితే అలా రాదు, ఎన్నడూ అప్పే చేయకపోతే వస్తుంది. ఏళ్ల తరబడి ఒక్క నెల తప్పకుండా మేం కట్టిన చీటీలు ఆ రిపోర్టులో ఎక్కడా కనిపించవు. ఊళ్లో పరపతి ఉంది, కంప్యూటర్‌లో లేదు.

గృహరుణ సంస్థ పద్ధతి వేరు. కాగితాలు లేవంటే మనిషిని పంపారు. ఆ కుర్రాడు పొద్దున పదిన్నరకే వచ్చి కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు ఎన్ని పోతున్నాయో గీతలు గీసుకుంటూ మధ్యాహ్నం రెండు దాకా కదల్లేదు. తర్వాత వంటగదిలోకి వచ్చి, "అమ్మా, పెద్ద సిలిండర్లు నెలకు ఎన్ని అవుతాయి?" అని అడిగి బిల్లులు చూపించమన్నాడు. బియ్యం టోకు దుకాణం చీటీలు, పాలవాడి ఖాతా పుస్తకం, కరెంటు బిల్లు, అన్నీ ఫోటోలు తీసుకున్నాడు. అమ్మకాలు ఎవరైనా పెంచి చెబుతారు, గ్యాసు ఖర్చు అబద్ధం చెప్పదు కదా. అతను వేసిన ఆదాయం లెక్క నేను మనసులో వేసుకున్నదానికి చాలా దగ్గరగా వచ్చింది. ఈ ఒక్క విషయంలో ఆ సంస్థకు పూర్తి మార్కులు వేస్తాను. లింకు దస్తావేజుల్లో, అంటే ఆ ఇల్లు అంతకుముందు చేతులు మారినప్పటి కాగితాల్లో, ఒకదాని అసలు ప్రతి పోయింది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ నకలు తెస్తే వాళ్ల లాయరు ఒప్పుకున్నాడు.

ఇక మెచ్చుకోలు ఇక్కడితో సరి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, లీగల్ ఖర్చు, ఇంటి విలువ కట్టినందుకు ఖర్చు వేర్వేరుగా తీసుకున్నారు. వాటికంటే పెద్దది అప్పుకు బీమా, అంటే అప్పు తీసుకున్న మనిషి పోతే బాకీ తీర్చే పాలసీ. ప్రీమియం మొత్తాన్ని ఆ 18 లక్షల్లోనే కలిపారు. అంటే బీమా డబ్బుకు కూడా పన్నెండున్నర శాతం వడ్డీ కడుతున్నామన్నమాట. అది తప్పనిసరి అన్నట్టే మాట్లాడారు. మంజూరు పత్రంలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు.

ఖరీదైన అప్పు అంటే ఏమిటో 2020లో తెలిసింది. లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడింది. రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం (కిస్తీల వాయిదా) మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలూ వాడుకున్నాం, వేరే దారి లేదు. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. అప్పటికి కట్టిన ఎనిమిది కిస్తీల్లో అసలుకు పోయింది 14 వేలు. ఆ ఆరు నెలల వడ్డీ లక్షా 14 వేలు వచ్చి నెత్తిన పడింది. 18 లక్షల అప్పు 19 లక్షలైంది. కిస్తీ పెంచకుండా కాలపరిమితి పెంచారు. స్టేట్‌మెంట్ తీస్తే 19 ఏళ్ల చిల్లర మిగలాల్సింది 27 ఏళ్లు దాటింది! 20,450లో అసలుకు పోయేది నెలకు ఏడు వందలు కూడా లేదు. వడ్డీ మీద వడ్డీని కేంద్రం తర్వాత తిరిగి ఇచ్చింది. మాకు వచ్చింది మూడు వేల లోపు.

మమ్మల్ని గట్టెక్కించింది చీటీయే. 2021 చివర్లో పాట పాడి, చేతికొచ్చిన 3 లక్షలూ తెచ్చి అసలుకు కట్టాం. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో రేటు మారే ఇంటి అప్పు మనుషుల పేరు మీద ఉంటే ముందుగా కట్టినందుకు రుసుము వేయకూడదు. అయినా కౌంటర్‌లోని అమ్మాయి రెండు శాతం అంది. నిబంధన చూపిస్తే లోపలికి వెళ్లి వచ్చి, అవసరం లేదంది. కట్టేటప్పుడు కిస్తీ తగ్గించమనకుండా కాలం తగ్గించమని రాతపూర్వకంగా ఇచ్చాం. ఆ 3 లక్షలతో మిగిలిన కాలం 13 ఏళ్ల చిల్లరకు దిగింది. ఇంత వడ్డీ ఉన్న అప్పులో తొలి ఏళ్లలో అసలు మీద కొట్టే ప్రతి లక్షకూ ఆ బలం ఉంటుంది. అదే లక్ష పదేళ్ల తర్వాత కడితే దానికి అంత బలం ఉండదు.

వడ్డీ రేటు సంగతి మరీ చిరాకు. 2020లో రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) 4 శాతానికి దిగినప్పుడు మా రేటు పైసా కదల్లేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు అది ఆరున్నరకు ఎక్కేసరికి మాది 13.25 అయింది. దీనికి కారణం ఉంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ ఇంటి అప్పులు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడ్డాయి. గృహరుణ సంస్థలకు ఆ ముడి లేదు, మన వడ్డీకి ఆధారమైన ప్రైమ్ లెండింగ్ రేటును అవే నిర్ణయించుకుంటాయి. పెంచిన సంగతి ఒక ఎస్సెమ్మెస్‌తో తెలిసింది, అప్పటికే కాలం మరో ఏడాదికి పైగా సాగింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, కాలం పెంచాలా, కొంత ముందే కట్టుకుంటారా అని అప్పు తీసుకున్నవారిని అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. మాకు అది ఆలస్యంగా అందిన న్యాయం.

బయటపడటానికి మేం ముందు నుంచీ చేసిన పని ఒకటుంది. అప్పు తీసుకున్న ఏడాది నుంచే అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద రిటర్నులు వేస్తూ వచ్చాం. చిన్న వ్యాపారులు ఖాతా పుస్తకాల గొడవ లేకుండా అమ్మకాల్లో 8 శాతం, ఫోన్‌పే లాంటి వాటిలో వచ్చిన దానికైతే 6 శాతం లాభంగా చూపించే పద్ధతి అది. అంతకంటే ఎక్కువ కూడా చూపించుకోవచ్చు, మేం అలాగే చూపించాం. కొంత పన్ను కట్టాల్సి వచ్చింది, మా వారు గొణిగారు కూడా. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టాక అమ్మకాలు బ్యాంకు ఖాతాలో కనిపించసాగాయి. ఈ అప్పు కిస్తీలే సిబిల్‌ను మైనస్ ఒకటి నుంచి 760 దాటించాయి. 2024లో మిగిలిన 14 లక్షల 60 వేలను బ్యాంకు 9 శాతానికి తీసుకుంది. అప్పటి దాకా ఆ సంస్థకు చీటీ డబ్బుతో కలిపి కట్టింది 14 లక్షలకు పైనే, అందులో అసలు తగ్గింది మూడున్నర లక్షల లోపు. బ్యాంకులో కిస్తీ పాతదే ఉంచమన్నాం. దాదాపు పన్నెండేళ్లు మిగిలిన అప్పు ఎనిమిదిన్నరేళ్లకు వచ్చింది. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు ఒక శాతం తగ్గితే, ఎవరినీ అడగకుండానే మా రేటూ దిగింది.

వెళ్లిపోతామనగానే పాత సంస్థకు మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కన్వర్షన్ ఫీజు (రేటు మార్చే రుసుము) కడితే వడ్డీ పదకొండున్నరకు తగ్గిస్తామన్నారు. రెండేళ్ల కిందట అదే తగ్గింపు అడిగితే కుదరదన్నవాళ్లు వీళ్లే. ఫోర్‌క్లోజర్ లెటర్‌కు (అప్పు మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం), దస్తావేజుల జాబితాకు వెంటపడి మరీ తెచ్చుకున్నాం. అప్పు తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మా ఉత్తరంలో ఆ వాక్యం రాశాక పని చురుకైంది. దస్తావేజులు తీసుకునేటప్పుడు మొదట ఇచ్చిన జాబితాతో ఒక్కో కాగితం సరిచూసుకుంటే, లింకు దస్తావేజు సర్టిఫైడ్ నకలు కట్టలో లేదు. అది వెతికి తెచ్చేదాకా రసీదు మీద సంతకం పెట్టలేదు.

మరో మాట. అప్పు ముందుగా మూసేస్తే ఆ బీమాలో మిగిలిన కాలానికి కొంత సొమ్ము వెనక్కి రావచ్చు. మాకు వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. బీమా పత్రం చదివి, విడిగా దరఖాస్తు పెడితే, కట్టినదాంట్లో సగం కంటే తక్కువే అయినా, వచ్చింది. దాన్ని కొత్త బ్యాంకులో అసలుకు జమ చేశాం.