గ్రీన్ టీ క్యాప్సూల్స్: ఏడాది పైగా వాడాక నా మాట

పరుగుకు ముందు వేసుకుంటే కొవ్వు త్వరగా కరుగుతుందని బెజవాడలో మా రన్నింగ్ బ్యాచ్‌లో చాలామంది గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ వాడుతున్నారు. నేనూ ఏడాదికి పైగా వాడాను. తెల్లవారుజామున బ్యారేజీ మీద పరుగు, ఆదివారం లాంగ్ రన్. రోజుకు ఒక క్యాప్సూల్, ఎప్పుడైనా రెండు.

లేబుల్ ప్రకారం ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల సారం, అందులో సగం ఈజీసీజీ, అంటే గ్రీన్ టీలో ఉండే ముఖ్యమైన పదార్థం. కెఫీన్ ఎంతో రాయలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. ఎందుకంటే వేసుకున్న అరగంటకు వచ్చే హుషారు అచ్చం స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ తాగినట్టే ఉంటుంది.

పని చేయదని అనను. 2008లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు 12 మంది మగవాళ్లతో మధ్యస్థ వేగంతో అరగంట సైకిల్ తొక్కించారు. ఈ సారం తీసుకున్నప్పుడు కొవ్వు ఖర్చు 17 శాతం పెరిగింది. వినడానికి ఎక్కువే. కానీ ఆ వేగంలో నిమిషానికి అర గ్రాము కొవ్వు కూడా ఖర్చవదు. లెక్క వేస్తే అరగంటకు అదనంగా వచ్చేది రెండు గ్రాముల లోపే, అంటే సగం ఇడ్లీ పాటి క్యాలరీలు. పైగా స్పీడ్ పెంచితే ఒంట్లో ఎక్కువగా ఖర్చయ్యేది పిండిపదార్థమే. ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగు) చేసే రోజు దీనితో ఏం లాభం?

నా బెల్టు ఒక బెజ్జం లోపలికి వెళ్లిన మాట నిజమే. అది రాత్రి అన్నం తగ్గించి, నెమ్మది పరుగులు పెంచాక వచ్చిన మార్పు. క్యాప్సూల్ మాత్రమే వేసుకున్న నెలల్లో కదలలేదు.

పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది. టిఫిన్ తర్వాత ఆ బాధ లేదు. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం గుండె దడదడలాడేది, అందుకే వేసవిలో ఆపేశాను. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ తీసుకుంటే లివర్ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. నేను అంత దూరం పోలేదు, అయినా లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) చేయించాను. నార్మల్ వచ్చింది.

బాటిల్ అయిపోయాక మళ్లీ కొనలేదు. అథ్లెటిక్స్ పోటీలకు (మీట్‌లకు) వెళ్లే పిల్లలైతే అసలు ముట్టుకోవద్దు. ఫ్యాట్ బర్నర్ల పేరుతో అమ్మే వాటిలో ఏమేం కలుపుతారో లేబుల్ అంతా చెప్పదు. అలా కలిసే వాటిలో ఒకటైన హిజెనమైన్ అనే ఉత్తేజకం మొక్కల్లో సహజంగా ఉండేదే అయినా, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉంది. డోపింగ్ పరీక్ష శాంపిల్‌లో దొరికితే, మూలికల మందే అనుకున్నానని ఎంత చెప్పినా బాధ్యత ఆటగాడిదే.