ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన పెద్దపిల్లలు: లోపలి గది మేలా, హాలు మేలా?

పాతికేళ్ల కొడుకో, ముప్ఫై ఏళ్ల కూతురో కడుపు ఆపరేషన్ చేయించుకుని డిశ్చార్జ్ అవుతున్నారంటే, ఇంట్లో మొదట తేల్చుకోవాల్సింది పడక ఎక్కడ వేయాలన్నది. ఒకపక్క ఆఫీసుల పరుగులు, ఒకపక్క చిన్నపిల్లల బడి హడావిడి, మధ్యలో పెద్దవాళ్ల మందులు. ఇంత సందడిలో ఎవరికైనా వెంటనే తట్టేది, అందరికీ దూరంగా ఉన్న ప్రశాంతమైన గదే. మొదటి మూడు రోజులకు మాత్రం అది సరైన చోటు కాదు.

అపెండిక్స్, గాల్‌బ్లాడర్, హెర్నియా లాంటి ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నదిది. మీ డిశ్చార్జ్ కాగితంలో వేరేగా ఉంటే దాని మాటే చెల్లుతుంది.

లోపలి గదిలో నిద్ర బాగా పడుతుంది. తలుపు వేసుకుని బట్టలు మార్చుకోవచ్చు, డ్రెస్సింగ్ చూసుకోవచ్చు. ఎదిగిన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. చిక్కల్లా ఏమిటంటే, దూరంగా ఉన్న మనిషి దగ్గరికి ఎవరైనా పని గట్టుకుని వెళ్లాలి. పనుల్లో పడితే గంట రెండు గంటలవుతుంది. "అందరూ బిజీగా ఉన్నారు, పిలవడం ఎందుకులే" అని పిల్లలూ ఊరుకుంటారు. నీళ్లు అందక తాగరు, తోడు లేక నడవరు, నొప్పి బాగా ముదిరాక గాని మాత్ర అడగరు. గది మేడ మీదైతే మెట్లు కూడా తోడవుతాయి. కడుపు ఆపరేషన్ తర్వాత మెట్లు ఎక్కడం అసలు కూడదని కాదు. అయితే రోజుకు ఒకటి రెండుసార్లంటే సరే, ప్రతి చిన్న పనికీ అంటే కష్టం.

హాల్లో పడుకుంటే దారిన పోయే ప్రతి కన్నూ పడుతుంది. ముఖం పాలిపోయినా, చెమటలు పట్టినా ఎవరో ఒకరు గమనిస్తారు. కాకపోతే టీవీ, ఫోన్లు, పలకరించడానికి వచ్చే బంధువులు నిద్రను మింగేస్తారు. చిన్నపిల్లలు ఉన్నట్టుండి ఒళ్లో దూకుతారు, పెంపుడు జంతువులు సరేసరి. జలుబు చేసినవాళ్లు దగ్గరికి వస్తే అది అంటుకుంటుంది. కుట్లమీద ఒక్కో దగ్గూ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

అసలు కొలవాల్సింది నిశ్శబ్దాన్ని కాదు, బాత్‌రూమ్‌కి ఎన్ని అడుగులన్నది. బాత్‌రూమ్‌కి పది పదిహేను అడుగుల లోపు, మెట్లు గడపలు దాటనక్కర్లేకుండా, పిలిస్తే వంటింట్లోకి వినబడేలా ఏ చోటుంటే అదే మొదటి మూడు రోజుల పడక. హాలు పక్క గదికి ఆ లక్షణాలుంటే అంతకన్నా ఏం కావాలి? తలుపు ఓరగా ఉంచితే రెండు లాభాలూ దక్కుతాయి. అలాంటి గది లేకపోతే హాల్లోనే ఓ మూల తెర కట్టండి. దారిలో కాలిపట్టాలు, ఛార్జర్ వైర్లు తీసేసి, రాత్రికి చిన్న లైటు వెలిగేలా చూడండి. పిలవడానికి గొంతెత్తితే కడుపు లాగుతుంది కాబట్టి చేతికందేలా బెల్లు పెట్టండి. నాలుగో రోజుకి, తోడు లేకుండా లేచి బాత్‌రూమ్‌కి వెళ్లి రాగలిగితే, లోపలి గదికి మార్చేయండి. అప్పట్నుంచి నిద్రే ముఖ్యం.

మంచమా, సోఫానా, రిక్లైనరా?

సోఫాను లెక్కలోంచి తీసేయవచ్చు. అది పల్లంగా, మెత్తగా ఉంటుంది. అందులోంచి లేవాలంటే పొట్ట కండరాలు బిగించక తప్పదు, అక్కడే కుట్లు లాగుతాయి. రిక్లైనర్‌లో, అంటే వెనక్కి వాలే కుర్చీలో, వెల్లకిలా చదునుగా పడుకోనక్కర్లేదు కాబట్టి మొదటి ఒకటి రెండు రాత్రులు హాయిగా అనిపిస్తుంది. భుజానికో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకా బాగుంటుంది. అయితే కాళ్ల పలకను మడమలతో కిందికి తన్ని మూసే రకమైతే ఆ తన్నుడు భారమంతా పొట్టమీదే పడుతుంది. పక్కనున్నవాళ్లు మూసిపెట్టాలి. పైగా కూర్చున్న కుర్చీలోనే రోజంతా గడిచిపోతుంది, కాళ్లలో రక్తం కదలదు.

కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనే మంచం, అంటే సుమారు 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున్నది అన్నిటికన్నా మేలు. ఒక వైపు గోడకు ఆనించినా, దిగే వైపు మాత్రం మనిషి నిలబడేంత చోటుండాలి. లేచే పద్ధతి మొదటిసారి చేయించి చూపాలి: మోకాళ్లు మడవాలి, భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి కదిలేలా దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి, కాళ్లు మంచం దింపుతూనే కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపును తోసి కూర్చోవాలి. కూర్చున్నాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడాలి. తల్లిదండ్రులు ఇక్కడే పొరపాటు చేస్తారు. ప్రేమకొద్దీ రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగుతారు. అలా లాగినప్పుడు పొట్ట కండరాలే బిగుసుకుంటాయి. చెయ్యి వేయాల్సింది భుజం వెనక. దగ్గొచ్చినప్పుడు గాయంమీద అదిమి పట్టుకోవడానికి ఓ చిన్న దిండు ఎప్పుడూ పక్కనే ఉండాలి.

ఒక్కరే చూసుకోవాలా, వంతులేసుకోవాలా?

ఒక్కరే చూసుకుంటే ఏదీ తప్పిపోదు, కానీ మూడో రోజుకి ఆ ఒక్కరూ మంచమెక్కుతారు. వంతులేసుకుంటే ఒంటికి సుఖమే, సమాచారమే చేతులు మారేటప్పుడు జారిపోతుంది. ఎలా జారుతుందంటే ఇలా:

"ఏమ్మా, మాత్ర వేసుకున్నావా?"

"ఆఁ... ఇందాక నాన్న ఇచ్చారు."

ఆ 'ఇందాక' ఉదయం ఆరింటిదా, పదింటిదా? ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రల మత్తులో ఉన్న మనిషి ఏం అడిగినా "ఆఁ" అంటుంది. ఆ సాక్ష్యం చెల్లదు. కాబట్టి చేతులు ఎన్నైనా ఉండవచ్చు, లెక్క మాత్రం ఒకటే ఉండాలి.

ఆ లెక్కకి ఫోన్ అలారమా, కాగితమా? అలారం వేళయిందని చెబుతుంది, ఇచ్చారో లేదో చెప్పదు. ఫోన్ ఎవరి జేబులో ఉంటే వాళ్లకే వినబడుతుంది, వాళ్లు ఆఫీసుకెళ్తే అదీ వెళ్తుంది. మాత్రల పెట్టెకు అంటించిన కాగితమే నయం. ఇవ్వాల్సిన టైము కాదు, ఇచ్చిన టైము రాయాలి. "6.10, పారాసెటమాల్ 500, రెండు, నాన్న" అని ఉంటే అమ్మ తర్వాతి మోతాదు 12.10కి ముందు ఇవ్వదు. బ్రాండ్ పేరు కాకుండా మందు పేరే రాయండి. జలుబు మాత్రల్లోనూ, రెండు మందులు కలిపి చేసిన కొన్ని నొప్పి మాత్రల్లోనూ పారాసెటమాల్ కలిసే ఉంటుంది. పెద్దవాళ్లకు అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది, దాటకూడదు. బరువు 50 కిలోల లోపున్నా, లివర్ జబ్బున్నా అంతకన్నా తక్కువే, ఎంతన్నది డాక్టరు చెప్పాలి. మొదటి రెండు మూడు రోజులు నొప్పి వచ్చేదాకా ఆగకుండా, రాసిచ్చిన వేళలకే వేస్తే తక్కువ మందుతోనే గడుస్తుంది.

వంతు మారేటప్పుడు రెండు నిమిషాలు చాలు: ఆఖరి మాత్ర ఎప్పుడు, మూత్రం ఎప్పుడు, విరేచనం అయిందా, జ్వరం ఎంత, డ్రెయిన్ (ఆపరేషన్ చోటునుంచి ద్రవాన్ని బయటికి లాగే గొట్టం) ఉంటే అందులో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది. ఆ గొట్టం చివరనుండే మెత్తటి బల్బును ఖాళీ చేశాక నొక్కిపట్టి మూత పెట్టాలి. నొక్కకుండా మూసేస్తే అది లోపలి ద్రవాన్ని లాగదు. కొత్తగా చేసేవాళ్లు చాలామంది మర్చిపోయేది ఇదే. గట్టి నొప్పి మాత్రలకు మలబద్ధకం దాదాపు ఖాయం. డాక్టరు విరేచనం మందు రాసిస్తే మొదటి రోజు నుంచే ఇవ్వాలి. మూడో రోజున ముక్కుతూ కూర్చోవడంకన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఎంత సాయం చేయాలి?

అన్నీ మంచం దగ్గరికే అందిస్తే ప్రేమగా ఉంటుంది, కాళ్లల్లో రక్తం మాత్రం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నీళ్ల సీసా చేతికందాలి. భోజనం మాత్రం బల్ల దగ్గరే, నడిచి వెళ్లి చేయాలి. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ పాదాల్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి, పూటకో రెండుసార్లు ఇంట్లోనే నడవాలి. బరువులు ఎత్తే సంగతి, స్నానం ఎప్పుడన్నదీ సర్జన్ చెప్పినట్టే.

గాయం చూస్తామన్నప్పుడు ముందు అడగండి. వద్దంటే వాళ్లనే అద్దంలో చూసుకోమనండి. ఎరుపు పాకుతోందా, చీము గాని వాసన గాని ఉందా అన్నది వాళ్లే చెప్పగలరు. డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడు స్పీకర్ పెట్టి, ముందు వాళ్లచేతే మాట్లాడించండి. తలుపు చాటునుంచి మీరు జవాబులు అందిస్తుంటే, పడుకున్న మనిషి చెప్పాల్సిన మాట సగంలోనే ఆగిపోతుంది.

లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు భుజం నొప్పి వస్తే కంగారు పడనక్కర్లేదు, అది పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చేదే. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటినా, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోయినా, నీళ్లు కూడా ఇమడకుండా వాంతులవుతున్నా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా ఆరోజే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే ఎవర్నీ అడగకుండా అంబులెన్స్ పిలవాలి. ఈ లక్షణాలన్నీ, ఆస్పత్రి, అంబులెన్స్ ఫోన్ నంబర్లూ మాత్రల కాగితం కిందే రాసిపెట్టండి. ఇంట్లో ఎవరి వంతు నడుస్తున్నా వెతుక్కోనక్కర్లేదు.