మసాజ్ థెరపిస్టుకు ఏ పరీక్ష మేలు? ఎంబ్లెక్సా, అంటారియో ఓస్కీనా, మన స్కిల్ సర్టిఫికెట్టా?

హైదరాబాద్‌లో స్పా తెరవాలంటే జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. అది దుకాణానికి ఇచ్చేది, లోపల మర్దన చేసే మనిషికి కాదు. మసాజ్ థెరపిస్టులకంటూ మన దేశంలో చట్టప్రకారం రిజిస్టరు లేదు. అందుకే అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా గోడల మీద సర్టిఫికెట్లు, సభ్యత్వ కార్డులు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. వాటిలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో విదేశానికి దరఖాస్తు పెట్టే రోజున గానీ తెలియదు.

ముందొక ముడి విప్పాలి. అసోసియేషన్‌లో చేరడం వేరు, పని చేసే హక్కు వేరు. అమెరికన్ మసాజ్ థెరపీ అసోసియేషన్ 1943 నుంచి ఉంది. అందులో సభ్యత్వం వల్ల బీమా, శిక్షణ, పరిచయాలు దొరుకుతాయి గానీ క్లయింటు మీద చెయ్యి వేయనిచ్చేది రాష్ట్రం ఇచ్చే లైసెన్సే. ఆ లైసెన్సుకు చాలా రాష్ట్రాలు అడిగే పరీక్ష ఎంబ్లెక్స్.

ఎంబ్లెక్స్‌లో ప్రాక్టికల్ లేదు. కంప్యూటర్ ముందు 110 నిమిషాల్లో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, పాసుకు 630 రావాలి. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది, వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలుండదు. సగం దాటాక ప్రశ్నలు బిగుసుకుంటే ఫెయిలైపోతున్నామని చాలామంది చేతులెత్తేస్తారు. నిజానికి బాగా రాస్తుంటేనే అలా బిగుస్తాయి. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 30 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి.

మనవాళ్లు దెబ్బతినేది చదివే తీరులో. కండరాలు ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటాయో నెలల తరబడి బట్టీ పడతారు. అవి వచ్చే కైనెసియాలజీ, అంటే కదలికల శాస్త్రం, 12 శాతమే. అనాటమీ, ఫిజియాలజీ కలిపి మరో 11. క్లయింటును పరీక్షించి చికిత్స ప్లాన్ వేయడం 17, నైతికత, హద్దులు, చట్టాలు 16, వృత్తి నిర్వహణ 15. ఈ మూడే దాదాపు సగం. మర్దన ఎప్పుడు చేయకూడదో అడిగే పాథాలజీ మరో 14.

ఒక నమూనా చూడండి. శంషాబాద్‌లో నిన్ననే దిగిన క్లయింటు, పద్దెనిమిది గంటల ప్రయాణం. ఒక పిక్క మాత్రమే వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఏం చేస్తారు? ‘నెమ్మదిగా, పైకి రాస్తే చాలు’ అనే ఐచ్ఛికం అందరినీ లాగుతుంది. అక్కడే తప్పుతారు. అది రక్తం గడ్డకట్టిన సిర కావచ్చు, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మర్దన మొత్తం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పంపడమే జవాబు. పదేళ్లు మాలిష్ చేసిన చేతులకు ‘వద్దు’ అనడం అలవాటుండదు. ఈ పరీక్ష కొలిచేది ఆ అలవాటునే.

కోఠి పాత పుస్తకాల్లో దొరికే అమెరికా నేషనల్ సర్టిఫికేషన్ బోర్డు పరీక్షల గైడ్లతో చదివేవాళ్లూ ఉన్నారు. ఆ బోర్డు లైసెన్సు పరీక్షలు 2015లోనే ఆగిపోయాయి. ఇప్పుడది ఇచ్చే బోర్డు సర్టిఫికేషన్ లైసెన్సుకు పైమెట్టు, బదులు కాదు.

కెనడాలో అంటారియో దారి వేరు. అక్కడ రాతపరీక్షతో పాటు ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుంది. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ వైద్య విద్యార్థుల కోసం రూపొందించిన పద్ధతి ఇది. గది తర్వాత గది, ప్రతి గదిలో ఒక నటించే రోగి, ఒక పరీక్షకుడు, ఒక పని. గది బయట సమస్య చదువుకుని లోపలికి వెళ్లాలి. చేతులు కడుక్కోవాలి. ఏ భాగానికి, ఎందుకు, ఏం లాభం, ఏం ఇబ్బంది రావచ్చు, ఎప్పుడైనా ఆపమనవచ్చు, ఇవన్నీ నోటితో చెప్పి సమ్మతి తీసుకోవాలి. పిరుదులు, లోపలి తొడ, ఛాతీ గోడ లాంటి చోట్లయితే అక్కడి నిబంధనల ప్రకారం సమ్మతి రాతపూర్వకంగానే. ఆ తర్వాత పని చేసే భాగం మాత్రమే తెరిచి, మిగతా దేహమంతా షీటు కప్పి ఉంచాలి.

హోటల్ స్పాలో ‘ప్రెషర్ ఓకేనా మేడమ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్లకు ఇక్కడే మార్కులు పోతాయి. చెయ్యి ఎంత తిరిగినదైనా, చెప్పని మాటకు మార్కు పడదు. అద్దం ముందు కాదు, నిజంగా ఒక మనిషిని టేబుల్ మీద పడుకోబెట్టి గడియారం పెట్టుకుని సాధన చేయాలి, ఇంగ్లిష్‌లోనే. అంటారియోలో సాధారణ కోర్సు 2,200 గంటల స్థాయిది. ఇక్కడ చేసిన మూడు నెలల కోర్సుతో పరీక్ష గది దాకా వెళ్లలేరు, ముందు చదువు సమానమని తేలాలి. కెనడాలోనే మరో రాష్ట్రమైన అల్బర్టాలో ప్రభుత్వ నియంత్రణ లేదు. అక్కడ అసోసియేషన్లే ప్రవేశ ప్రమాణాలు పెట్టుకుంటాయి, వాటి సభ్యులు ఇచ్చే రసీదులనే బీమా కంపెనీలు ఒప్పుకుంటాయి కాబట్టి సభ్యత్వమే అన్నం పెడుతుంది. చట్టం అడగదు కదా అని తేలిగ్గా తీసుకుంటే క్లయింట్లు రారు.

ఇక మన దగ్గరి సంగతి. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి స్పా థెరపిస్ట్ మదింపులో థియరీ, వైవా, ప్రాక్టికల్ ఉంటాయి. ఇప్పటికే పని వచ్చినవాళ్లకు పూర్తి కోర్సు చేయనక్కర్లేకుండా ముందస్తు నైపుణ్యానికి గుర్తింపు ఇచ్చే ఆర్పీఎల్ దారి ఉంది. ఖర్చుకు, సమయానికి ఇంతకన్నా చవకైనది లేదు. మాదాపూర్ స్పాలో ఉద్యోగానికి చాలు, డాలస్‌లో లైసెన్సుకు మాత్రం పనికిరాదు. ఐటెక్, సిడెస్కో అనే అంతర్జాతీయ బ్యూటీ, స్పా సంస్థల డిప్లొమాలు పెద్ద హోటళ్లలో, క్రూయిజ్ ఓడల్లో చెల్లుతాయి. శిక్షణ కేంద్రానికి నిజంగా ఆ సంస్థ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ జాబితాలోనే చూసుకోండి. గుమ్మం మీద లోగోను నమ్మొద్దు.

మా లెక్కలో, ఇక్కడే ఉండేవాళ్లకు ఆర్పీఎల్, ఓడలు, హోటళ్ల వైపు చూసేవాళ్లకు ఐటెక్. భర్తతో హెచ్4 డిపెండెంట్ వీసా మీద టెక్సస్ వెళ్లేవాళ్లకు ఎంబ్లెక్స్. అయితే వర్క్ పర్మిట్ కార్డు, అంటే ఈఏడీ రాకుండా పరీక్ష పాసైనా పని చేయకూడదు. టెక్సస్ కనీసం 500 గంటల చదువు అడుగుతుంది, న్యూయార్క్ 1,000. గంటలు తక్కువపడితే అక్కడికెళ్లి బడిలో చేరడమే నయం. అంటారియో మాత్రం రెండేళ్లు చదవడానికి సిద్ధపడితేనే పెట్టుకోండి.

ఏ దారైనా మొదట అడిగేది ట్రాన్‌స్క్రిప్టే. ఇక్కడి సర్టిఫికెట్లలో ‘విజయవంతంగా పూర్తి చేశారు’ అని ఉంటుంది, ఎన్ని గంటలో ఉండదు. సబ్జెక్టువారీగా గంటలు, థియరీ ఎంత, ప్రాక్టికల్ ఎంత, తేదీలు, సంస్థ ముద్ర ఉన్న కాగితం కోర్సు ముగిసిన వారంలోనే అడిగి తీసుకోండి. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆ కాగితం ఎవరూ ఇవ్వలేరు.