దూరదర్శన్ రోజుల్లో శనివారం సాయంత్రమా, ఆదివారం ఉదయమా?

ఎనభయ్యవ దశకం చివర్లో టీవీ అంటే మా ఊళ్ళో దూరదర్శన్ ఒక్కటే. వారాంతంలో రెండు పండుగలు. ఆదివారం ఉదయం ఢిల్లీ ప్రసారాలది. 1987 జనవరి 25న రామాయణం మొదలయ్యాక ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యేవి. రాముడు మనకు తెలిసినవాడే కాబట్టి హిందీ రాని అమ్మమ్మలు కూడా కథను అందుకునేవారు.

శనివారం సాయంత్రం మాత్రం హైదరాబాద్ కేంద్రానిది, అంటే మనది. 1977లో మొదలైన ఆ కేంద్రం తెలుగు సినిమా వేస్తే టీవీ ఉన్న ఇల్లు చిన్న టూరింగ్ టాకీసు అయిపోయేది. పిల్లలు ముందు చాపల మీద, పెద్దలు వెనక కుర్చీల్లో, ఆలస్యంగా వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర. బొమ్మ చెదిరితే ఒకరు మేడెక్కి యాంటెన్నా తిప్పేవారు, కింద నుంచి "ఆ, అక్కడే ఉంచు!" అని కేకలు. "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న అక్షరాలు కనబడితే గదంతా ఒక్కసారి నిట్టూర్చేది. మధ్యలో వార్తలు వస్తే అన్నాలు ముగించుకుని మళ్ళీ చేరేవాళ్ళం.

ఆదివారం దేశమంతా ఒకే బొమ్మ చూస్తోందన్న భావన గొప్పదే, కాదనను. అయినా నా ఓటు శనివారానికే. అక్కడ ప్రతి మాటా ఎవరూ అర్థం చెప్పకుండానే చెవికెక్కేది. మాటలు ముందే వచ్చినవాళ్ళు నటులతో పాటు పలికేవారు.