సర్వర్ నాకు రోజూ హాయ్ చెప్పేది

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ నడిచే సర్వర్‌లో, డీపీకేజీ అనే కమాండ్‌తో ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ మూటల) జాబితా తీస్తే ప్రతి పేరుకు ముందు రెండు అక్షరాలు వస్తాయి. మొదటిది మనం ఏం కోరామో చెబుతుంది, రెండోది అది నిజంగా ఏ స్థితిలో ఉందో. మామూలుగా ఇన్‌స్టాల్ అయినవాటికి రెండు ఐలు. తీసేశాక కూడా సెట్టింగ్స్ మిగిలి ఉంటే ఆర్, సి. ఆప్ట్-మార్క్ హోల్డ్ అనే కమాండ్ కొట్టి అప్‌డేట్ కాకుండా ఆపినవాటికి హెచ్, ఐ. కలిపి చదివితే హాయ్! 2018 నుంచి ఈ హోల్డ్ వాడుతున్నాను. మొదట్లో ఆ హాయ్ చూస్తే నిజంగానే హాయిగా ఉండేది.

నాది చిన్న వ్యవహారం. అద్దెకు తీసుకున్న ఒక వీపీఎస్ (పెద్ద మెషిన్‌లో ఒక వాటాగా ఇచ్చే సర్వర్), దాని మీద పద్నాలుగు సైట్లు. రెండు చీరల షాపులు, ఒక విత్తనాల డీలరు, ఒక ట్యూషన్ సెంటరు, మిగతావి చుట్టాలవీ స్నేహితులవీ. కంట్రోల్ ప్యానెల్ లేదు, అంతా కమాండ్ లైనే.

డెబియన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు మామూలుగా ఉదయం 6కీ 7కీ మధ్య నడుస్తాయి. నా సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉంది. అంటే మనకు పదకొండున్నర నుంచి పన్నెండున్నర, సరిగ్గా షాపుల ఆర్డర్లు వచ్చే వేళ. సైట్ల డేటాబేస్ అయిన మరియాడీబీకి అప్‌డేట్ వచ్చిన రోజు ఆ సమయంలో డేటాబేస్ రీస్టార్ట్ అయ్యేది. "అన్నా, డేటాబేస్ తగలట్లేదంట, ఏదో ఇంగ్లీషులో వస్తోంది" అని రెండుసార్లు ఫోన్ వచ్చాక హోల్డ్‌లో పెట్టేశాను. మొదటిసారి అదీ ఆగలేదు. ఎందుకంటే మరియాడీబీ-సర్వర్ అన్నది ఉత్త పేరుకే ప్యాకేజీ, అప్పట్లో అసలు సరుకు మరియాడీబీ-సర్వర్-10.1లో ఉండేది. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టు చేశాను. రెండింటినీ హోల్డ్ చేశాక మధ్యాహ్నం ఫోన్లు ఆగిపోయాయి. ఆ ధైర్యంతో ఎక్కడ భయం వేస్తే అక్కడ హోల్డ్ కొట్టడం మొదలుపెట్టాను.

అసలు కథ ఎగ్జిమ్‌తో. సైట్ల నుంచి ఆర్డర్ మెయిళ్లు పంపేది అదే. 2019 ఆగస్టులో డెబియన్ 9 నుంచి 10కి మారుతున్నప్పుడు, నేను చేత్తో మార్చుకున్న ఎగ్జిమ్ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్‌ను ఉంచమంటావా, కొత్తది పెట్టమంటావా అని అడిగింది. ఏమీ నొక్కకుండా ఎంటర్ కొడితే పాతదే ఉండేది. నేను అర్ధరాత్రి నిద్రమత్తులో వై నొక్కాను. పొద్దున్నే మెయిళ్లన్నీ క్యూలో ఇరుక్కున్నాయి. పక్కనే డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతో పాత ఫైల్ దాచి ఉంచింది కాబట్టి పది నిమిషాల్లో బతికిపోయాను. కానీ ఆ టెన్షన్‌లో ఎగ్జిమ్‌కు సంబంధించిన నాలుగు ప్యాకేజీలనూ హోల్డ్‌లో పెట్టాను. రెండు వారాలకు అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.

2021 మే 4న ఎగ్జిమ్‌లో 21 లోపాలు బయటపడ్డాయని క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ ప్రకటించింది. వాటిలో పది బయటి నుంచి వాడుకోదగ్గవి. నాకేం, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఉన్నాయి కదా అనుకుని, ఎందుకైనా మంచిదని లిస్టు తీసి చూశాను. ఎగ్జిమ్ పక్కన హాయ్! గుండె జారింది. 2019 సెప్టెంబరులో వచ్చిన రెండు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా నాకు అందలేదు. అందులో ఒకటి, ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడే బయటివాడికి రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి పెత్తనం, ఇచ్చేయగల లోపానికి మందు. దాదాపు ఇరవై నెలలు తలుపు తీసే ఉంది.

మరి అప్‌డేట్లు చేసే ఆప్ట్ చెప్పలేదా అంటే, చెప్పింది. అప్‌గ్రేడ్ కొట్టిన ప్రతిసారీ ఈ ప్యాకేజీలను ఆపి ఉంచాం అని ఒక వరుస వచ్చేది. అయితే ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్‌లో కొత్త కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) వచ్చినప్పుడు కూడా అదే వరుస, అదే మాట. కొత్త ప్యాకేజీ అవసరమై ఆగిందో, నువ్వే ఆపమన్నావో తేడా చూపించదు. కొన్నాళ్లకు కళ్లు ఆ వరుసను దాటేయడం నేర్చుకున్నాయి. నా అసలు కోపం ఇక్కడే. ఎవరు ఆపారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు అని రాసుకునే చోటే లేదు. ఉన్నది హోల్డ్ అనే ఒక్క మాట.

అన్‌హోల్డ్ చేసి అప్‌గ్రేడ్ కొడితే నిమిషంలో అయిపోయింది. కాన్ఫిగ్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు! మనమూ మార్చి, వాళ్లూ మార్చినప్పుడే అడుగుతుంది. ఒకే విడుదలలో ఉన్నంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లలో వాళ్లు ఆ ఫైల్‌ను ముట్టుకోవడం అరుదు. ఏ భయంతో ఆపానో ఆ భయమే ఉత్తిది. ఎవరైనా దూరారేమో చూద్దామంటే లాగ్‌లు (ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైళ్లు) పది రోజులవే ఉన్నాయి, మిగతావి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయాయి. కనబడినంతలో ఏమీ లేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆగస్టులో డెబియన్ 11 రాగానే కొత్త మెషిన్ తీసుకుని సైట్లన్నీ మార్చేశాను.

పైన మరియాడీబీ గురించి గొప్పగా చెప్పాను కానీ, దానికి కూడా హోల్డ్ అక్కర్లేదు. ఆటోమేటిక్ అప్‌డేట్ల టైమర్‌ను మన తెల్లవారుజాము మూడుకు మారిస్తే సరిపోయేది. కొత్త మెషిన్‌లో అలాగే పెట్టాను.

అయినా హోల్డ్ వదల్లేదు. ఏదైనా అప్‌డేట్ సైట్‌ను పాడు చేసి, సరిచేసిన వెర్షన్ కోసం ఆగాల్సి వస్తే ఇంతకంటే సులువైన దారి నాకు తెలీదు. ఎక్కువ రోజులు ఆపాలంటే మాత్రం ఆప్ట్ ప్రిఫరెన్సెస్‌లో పిన్ (ఏ వెర్షన్ దగ్గర ఆగాలో చెప్పే నియమం) పెడుతున్నాను, ఆ ఫైల్‌లో ఎక్స్‌ప్లనేషన్ అని కారణం రాసుకునే వరుస ఉంటుంది. నాలాగా ఒక్కడే చూసుకునే చిన్న సర్వర్‌కు ఇది చాలు. నలుగురు చేతులు పెట్టే చోట, లేదా నాకంటే మతిమరుపు ఎక్కువ ఉన్నవాళ్లకు చాలుతుందని చెప్పలేను.

ఇప్పుడు ప్రతి సోమవారం హోల్డ్‌ల జాబితా నాకు మెయిల్‌గా వస్తుంది. పంపేది ఎగ్జిమే.