లోతు చెప్పే బోటే మంచి బోటు

చేపలు పట్టడానికి రెండు రోజులు సముద్రంలోకి వెళ్లాను. మొదటి రోజు ఎక్కిన బోటు పెద్దది. పైన నీడ, మెత్తటి సీట్లు, అన్నీ ఉన్నాయి. కింద లోతెంతో చెప్పే మనిషే లేడు. నేను 100 గ్రాముల జిగ్ (కొక్కెం ఉన్న బరువైన లోహపు ఎర) కట్టి వదిలాను. దారం ఏటవాలుగా సాగిపోతూనే ఉంది, జిగ్ అడుగుకు తగిలిందో లేదో చేతికి తెలియలేదు. అక్కడ 60 మీటర్లు ఉంటుందని ఒడ్డుకొచ్చాక ఎవరో చెప్పారు. అంత లోతుకు, అందులోనూ నీటి ప్రవాహం గట్టిగా ఉన్నప్పుడు, 200 గ్రాములైనా ఉండాలి. పక్కవాళ్ల దారాలతో చిక్కులు పడి సగం రోజు వాటికే పోయింది.

రెండో రోజు చిన్న బోటు, నెత్తిన ఎండ. కానీ దాంట్లో లోతు చూపే ఎకో సౌండర్ ఉంది. నడిపే ఆయన ఆగిన ప్రతిచోటా ముందే చెప్పేవారు: "45 మీటర్లండీ, కింద రాళ్లు. గాలి వచ్చే వైపు నిలబడండి, దారం బోటు కిందికి పోదు." 30 మీటర్లకు 100 గ్రాముల లెక్కన 150 కట్టాను. టక్‌మని అడుగు తగిలిన ఆ చిన్న దెబ్బ సన్నటి బ్రెయిడ్ (అల్లిన దారం) మీదుగా వేలికి స్పష్టంగా అందింది. అక్కడి నుంచి టెన్షన్ లేదు.

ఆకారం సంగతి కూడా అక్కడే బాగా అర్థమైంది. తోకవైపు బరువున్న పొడవాటి జిగ్ సూటిగా దిగుతుంది. నీటి మధ్యలో తిరిగే వంజరం, ట్రెవల్లీ చేపల కోసం దాన్ని వేగంగా లాగాలి. రాళ్ల దగ్గరుండే స్నాపర్ చేపకైతే వెడల్పాటి స్లో పిచ్ జిగ్. ఎత్తి వదిలితే ఎండుటాకులా ఊగుతూ దిగుతుంది. నాకు పడిన రెండు చేపలూ జిగ్ దిగుతున్నప్పుడే కొట్టాయి. టంగ్‌స్టన్ జిగ్ అదే బరువుకు సీసం కన్నా చిన్నగా ఉండి త్వరగా దిగుతుంది, నిజమే. కానీ రాళ్లలో ఇరుక్కుని తెగిపోయే చోట అంత ఖరీదైనది నేను వాడను. రంగు గురించి నేను పెద్దగా ఆలోచించను. వెలుతురు తక్కువైన లోతుల్లో మాత్రం గ్లో (చీకట్లో మెరిసే పూత) ఉన్నదే వాడతాను.

బసల్లో మొదటిది ఏసీ గది, జిగ్‌లు కడుక్కునే చోటు లేదు. పొద్దున చూస్తే జిగ్‌కు కొక్కేన్ని తగిలించే స్ప్లిట్ రింగుల సందుల్లో తెల్లటి ఉప్పు, ఒకదానికి నారింజ రంగు తుప్పు. రెండోది జెట్టీ పక్కన మామూలు గది, గుమ్మం ముందే మంచినీళ్ల కుళాయి. మళ్లీ వెళ్తే ఆ గదే తీసుకుంటాను.