సరస్సు గట్టునా, నూడిల్స్ కొట్టులోనా: హాంగ్‌జౌలో ఎక్కడ తింటే మేలు?

చైనాలోని యీవూ హోల్‌సేల్ మార్కెట్‌కి సరుకు కోసం వెళ్ళే మనవాళ్ళలో చాలామంది హాంగ్‌జౌని రైలు కిటికీలోంచి చూసి వదిలేస్తారు. స్పీడ్ రైల్లో గంట కూడా పట్టదు. మా బావగారిది బందరులో రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారం. రాళ్ళ బేరం అనుకున్నదానికంటే ముందే తెమిలిపోయి, తిరుగు ఫ్లైటుకి ఒక రోజు మిగిలింది. "ఏమోయ్, ఆ వెస్ట్ లేక్ ఏదో చూసి, అక్కడే మంచి హోటల్లో భోంచేద్దాం" అన్నారు. నేను అంతకుముందు రెండుసార్లు వెళ్ళినవాణ్ణి కాబట్టి ఎంపిక నా నెత్తిన పడింది. ఉన్నవి మూడు పూటలు. ఎంచుకోవడానికి నాలుగు రకాల చోట్లున్నాయి: సరస్సు గట్టున పాతకాలం హోటల్, ఖరీదైన ఫైన్ డైనింగ్, మాల్‌లో చెయిన్ రెస్టారెంట్, నూడిల్స్ కొట్టు.

ముందు ఒక మాట. ఈ ఊరి వంటలో కారం ఉండదు, మసాలా ఉండదు. ఉప్పు తక్కువ, తీపి కాస్త ఎక్కువ. చైనావాళ్ళే ఇంటర్నెట్‌లో హాంగ్‌జౌని 'రుచుల ఎడారి' అని ఆటపట్టిస్తుంటారు. నాకు మాత్రం ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. సముద్రం దగ్గర, ఏళ్ళూ కాలవలూ ఉన్న ఊరు కాబట్టి చేప, రొయ్య, వెదురు మొలక, తామర దుంప తాజాగా దొరుకుతాయి. తాజాది దొరికినప్పుడు మసాలా ఎందుకన్నది వాళ్ళ లెక్క. అలాంటి వంటలో సరుకు కాస్త పాతదైనా, చెయ్యి కాస్త తప్పినా కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ ఏం తినాలి అన్నదానికంటే ఎక్కడ తినాలి అన్నదే పెద్ద ప్రశ్న.

గట్టు మీద హోటల్ అంటే మొదట చెప్పేది లౌవైలౌ గురించే. 1848లో మొదలైంది. గూషాన్ దీవి మీద, నీళ్ళకి ఎదురుగా ఉంటుంది. చైనా ప్రధానిగా ఉన్న చౌ ఎన్‌లై విదేశీ అతిథుల్ని తీసుకెళ్ళిన చోటు. అక్కడ ప్రతి టేబుల్ మీదా కనిపించేది వెనిగర్ చేప. దాని వెనక ఒక వదినా మరుదుల కథ చెబుతారు. ఊళ్ళో ఓ దుర్మార్గుడు అన్నను చంపిస్తాడు. తమ్ముడు ఊరొదిలి పారిపోయే రోజున వదిన పంచదార, వెనిగర్ వేసి చేప వండిపెడుతుంది. పైకొచ్చి తియ్యగా బతికే రోజున కూడా ఈ పులుపు మరిచిపోకు అని.

కథ బాగుంది. చేపే చిక్కు. అసలు పద్ధతిలో వాడేది గడ్డిచేప. మన కొల్లేరు చెరువుల్లో పెంచేదే. వండేముందు ఒకటి రెండు రోజులు మంచినీళ్ళలో ఆకలితో ఉంచుతారు, మట్టి వాసన పోవడానికి. తర్వాత నిలువునా రెండు చెక్కలు చేస్తారు. వెన్నెముక ఉన్నది మగ చెక్క, లేనిది ఆడ చెక్క. నూనె చుక్క పడదు. మరిగే నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, అదే నీళ్ళలో నల్ల వెనిగర్, పంచదార, సోయా, అల్లం, పిండి కలిపి చిక్కటి పాకంలా పైన పోస్తారు. సరిగ్గా ఉడికితే మొప్పల పక్కనున్న రెక్కలు నిక్కబొడుచుకుని ఉంటాయి. టేబుల్ మీదికి రాగానే నేను చూసేది అదే.

నా మొదటి ట్రిప్పులో గట్టు మీదే ఇంకో హోటల్లో, పేరెందుకులెండి, ఈ చేప తిన్నాను. రెక్కలు వాలిపోయి ఉన్నాయి. పాకం చల్లారి జిగురు కట్టింది. కింద చేప ఎండాకాలం చెరువు అడుగు వాసన కొట్టింది. పక్క టేబుల్లో ఓ చైనా కుటుంబం కూడా తలా ఒక ముక్క తిని, మిగతాది ఫొటో తీసుకుని వదిలేసింది. మనమైతే చేపని ఉప్పేసి, పసుపేసి నాలుగుసార్లు తోమి, చింతపండు పులుసులో ముంచుతాం. నీచు వాసనకి దారే ఉండదు. వాళ్ళు ఆ పనంతా చేపని పస్తు పెట్టడంతోనే సాధించాలి. రద్దీ రోజున రెండు రోజులు పస్తు పెట్టే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఈసారి బావగారితో లౌవైలౌకే వెళ్ళాను, మధ్యాహ్నం. చేప ఫర్వాలేదు, రెక్కలు లేచే ఉన్నాయి. వెనిగర్, అల్లం కలిసి పీత రుచి వస్తుందంటారు. వెతికితే నిజంగానే తగులుతుంది. కానీ ముళ్ళు ఎక్కువ. గడ్డిచేప బదులు ముళ్ళు తక్కువున్న ఇంకో చేపతో చేసిమ్మంటే చాలాచోట్ల చేస్తారు. ధర పెరుగుతుంది, అయినా అదే మేలు. మాకు నిజంగా నచ్చింది సోంగ్ వదిన చేప సూప్. ఉత్తరాన తమ రాజధాని కైఫెంగ్ శత్రువుల చేతిలో పడ్డాక సోంగ్ రాజులు దక్షిణానికి పారిపోయి వచ్చి, 1138లో ఈ ఊరినే రాజధాని చేసుకున్నారు. వాళ్ళతోపాటు వచ్చిన ఒకావిడ సరస్సు ఒడ్డున చేప సూప్ అమ్ముకునేదట. ముసలి చక్రవర్తి గావోజోంగ్ పడవలో వచ్చి రుచి చూసి, సొంతూరు గుర్తొచ్చి ఆవిడకి బహుమానం ఇచ్చాడట. ముళ్ళన్నీ తీసేసిన చేప పోగులు, సన్నగా తరిగిన హ్యామ్, వెదురు మొలక, పుట్టగొడుగు, చివర్లో కాస్త వెనిగర్. వేడివేడిగా తాగితే ప్రాణం లేచొస్తుంది. హ్యామ్ పంది మాంసం కాబట్టి ముట్టనివాళ్ళు ముందే అడగాలి. మా బావగారు తాగేశాక అడిగారు. నేను విననట్టు కిటికీలోంచి సరస్సు చూశాను.

కిటికీ పక్క సీటు దొరికితేనే గట్టు హోటల్‌కి అర్థం ఉంది. లేకపోతే ఆ ధర కట్టి గోడను చూస్తూ తిన్నట్టే. సెలవు రోజుల్లో ఆశ పెట్టుకోవద్దు.

ఫైన్ డైనింగ్‌కి వద్దాం. హోటళ్ళకి స్టార్లు ఇచ్చే మిషలాన్ గైడ్ వాళ్ళు హాంగ్‌జౌకి మొదటి జాబితా ఇచ్చింది 2023లోనే. అందులో ఫోర్ సీజన్స్ హోటల్లోని జిన్ షాకి ఒక స్టార్ వచ్చింది. ఈ కోవలోదే కాకపోయినా, నా ఉద్దేశంలో ఇంకా గొప్పది లాంగ్‌జింగ్ త్సావోతాంగ్. తేయాకు తోటలున్న లాంగ్‌జింగ్ గ్రామం పక్కన, చెట్ల మధ్య విడివిడి గదులు. దాయ్ జియాన్‌జున్ అనే ఆయన మొదలుపెట్టారు. అక్కడ మెనూ కార్డు ఉండదు. తలకింత అని ముందే చెప్పుకుంటాం, ఆ రోజు పల్లెల నుంచి ఏమొస్తే అది వండుతారు. ఏ రైతు దగ్గర ఏం కొన్నదీ పుస్తకంలో రాసిపెడతారు. అజినమోటో వాడరు. నేను ఒక చైనా వ్యాపారి ఖర్చు మీద వెళ్ళాను కాబట్టి బిల్లు చూడలేదు. చూసుంటే ఇంత ప్రేమగా రాసేవాణ్ణి కాదేమో.

తేడా ఎక్కడుందో ఒక్క వంటకంతో చెప్పొచ్చు: లాంగ్‌జింగ్ రొయ్యలు. చిటికెన వేలి గోరంత ఏటి రొయ్యల్ని పెంకు ఒలిచి, తెల్లబడేదాకా నీళ్ళలో కడిగి, కోడిగుడ్డు తెల్లసొన, పిండి పట్టించి ఉంచుతారు. గోరువెచ్చని నూనెలో అలా జార్చి తీసేస్తారు, వేగనివ్వరు. ఆఖరున లేత లాంగ్‌జింగ్ ఆకు నానబెట్టిన టీ, ఆకులతో సహా పోసి, రెండుసార్లు తిప్పి దించుతారు. అంతే. ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్‌మింగ్ పండక్కి ముందు కోసిన ఆకైతే శ్రేష్ఠం. ఒక మాల్‌లో తిన్నప్పుడు అవి ఫ్రిజ్‌లోంచి వచ్చిన రొయ్యలని పంటికే తెలిసింది, పైన ఆకు అలంకారానికి చల్లారు. మంచి చోట రొయ్య గాజుపూసలా ఉంటుంది, పంటి కింద టక్కుమంటుంది, మింగాక టీ వాసన ముక్కులో మిగులుతుంది. బావగారు రొయ్యల చెరువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. లౌవైలౌలో ఒకటి నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించారు. "కారం లేదు, ఉప్పూ అంతంతే. అయినా రొయ్యకి ఇంత రుచుందని ఇప్పుడే తెలిసిందోయ్" అన్నారు. ఆయన నోట అంత మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

మరి అంత డబ్బు ఎందుకు, మాల్‌కి పోతే పోలేదా? పోవచ్చు. 1998లో ఈ ఊళ్ళోనే పుట్టి దేశమంతా పాకిన వైపోజియా ఉంది. ఆ పేరుకి అర్థం అచ్చంగా 'అమ్మమ్మగారిల్లు'. టోకెన్ తీసుకుని బయట కూర్చుంటే, నంబరు వచ్చినప్పుడు 'అమ్మమ్మ భోజనానికి పిలుస్తోంది' అని స్పీకర్లో పిలుస్తారు. వాళ్ళకి పేరు తెచ్చింది 3 యువాన్ల మాపో టోఫు, అంటే కారం వేసిన సోయా పనీర్. అది సిచువాన్ వంటకం, హాంగ్‌జౌది కాదు. కానీ నాలుక చచ్చిపోయిందనుకునే మనవాడికి ఆ కాస్త కారం ప్రాణదానం. పిల్లలతో వెళ్ళినా, నలుగురైదుగురు వెళ్ళినా ఇదే సుఖం. ఊరి రుచి తెలుసుకోవడానికి మాత్రం ఇది చాలదు.

ఇక నూడిల్స్ కొట్టు. క్వీయువాన్‌గ్వాన్, 1867 నుంచి ఉంది, జియేఫాంగ్ రోడ్డు మీద. మేం తెల్లవారి మొదట వెళ్ళింది అక్కడికే. వాళ్ళ పేరున్న గిన్నె రొయ్యలు, పాముచేపల నూడిల్స్. పాముచేపని శాకనూనెలో పెళపెళలాడేలా వేయించి, పంది కొవ్వులో మళ్ళీ తిప్పి, ఆఖరున నువ్వులనూనె చల్లుతారు. మూడు నూనెలు, మూడు వాసనలు. పాముచేప అంచులు కరకరలాడతాయి, లోపల మెత్తన. పులుసు ముదురు గోధుమ రంగులో, కాస్త తియ్యగా ఉంటుంది. టేబుల్ మీదున్న వెనిగర్ రెండు చెంచాలు పోసుకుంటే మన నాలుకకి సరిపోతుంది. ఇంకోటి పియాన్ అర్ చువాన్: ఊరబెట్టిన ఆకుకూర, వెదురు మొలక, పంది మాంసం పలకలు. అది ఇక్కడివాళ్ళ రోజువారీ టిఫిను, వీధివీధినా దొరుకుతుంది. ఊరగాయ పులుపు ఉంది కాబట్టి నాకు ఆ రోజు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ గిన్నే. ఖర్చు చూస్తే, గట్టు మీద ఒక చేప డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ తినొచ్చు.

కాబట్టి ఒక్క పూటే ఉంటే నా ఓటు నూడిల్స్ కొట్టుకే, అక్కణ్ణించి సరస్సుకి నడిచిపోవచ్చు. రెండు పూటలుంటే రెండోది లౌవైలౌలో, మధ్యాహ్నం పన్నెండుకి ముందే, వెనిగర్ చేప మానేసి సూపూ రొయ్యలూ చెప్పుకుని. ఇంకొకరు డబ్బు పెడుతుంటే మాత్రం కళ్ళు మూసుకుని లాంగ్‌జింగ్ త్సావోతాంగ్. శాకాహారులకి ఈ ఊరు కొంచెం కష్టమే. వేయించిన టోఫు పొర చుట్టల్ని చూసి వెజ్ అనుకుంటారు, లోపల సన్నగా పంది మాంసం పూసి ఉంటుంది. 'శాకాహార బాతు' అని పేరుపెట్టి అమ్మేది మాత్రం పేరుకే బాతు, అంతా టోఫు పొరే. అదైనా నూనె ఏదో అడిగి తినండి. డబ్బు కట్టడానికి అలీపే యాప్‌లో మన కార్డు ముందే ఎక్కించుకోండి. దాని పుట్టిల్లు ఈ ఊరే.

రాత్రి పూట మేం హోటల్‌కే వెళ్ళలేదు. సూ గట్టు మీద నడిచాం. 1089లో ఇక్కడికి అధికారిగా వచ్చిన కవి సూ దోంగ్‌పో సరస్సు పూడిక తీయించి, ఆ బురదతోనే వేయించిన గట్టు అది. దాదాపు మూడు కిలోమీటర్లు ఉంటుంది. పని చేసిన కూలీలకి ఆయన వండించి పెట్టాడని చెప్పే పంది మాంసమే ఇవాళ ప్రతి మెనూలో ఉండే దోంగ్‌పో మాంసం. నీళ్ళ బదులు షావోషింగ్ అనే బియ్యపు వైన్‌లో, చిన్న మట్టికుండలో మగ్గబెడతారు. బావగారు దాని పేరెత్తనివ్వలేదు. గట్టు చివర తామర దుంప పిండి పొట్లాలు రెండు కొన్నారు, అక్కయ్యకి. ముందు చన్నీళ్ళతో కలిపి, ఆ తర్వాతే సలసల కాగే నీళ్ళు పోయాలని అమ్మే ఆవిడ చేతి సైగలతో మూడుసార్లు చూపించింది. అయినా ఇంటికొచ్చాక అక్కయ్య నేరుగా వేణ్ణీళ్ళు పోసింది. అంతా ఉండలు కట్టింది.